పళ్లాలు కదలకపోతే

ఆ వీధిలో దర్జీని ఎవరూ అసలు పేరుతో పిలవరు. జడత్వం మాస్టరు అంటారు. బట్టలు కుట్టేవాళ్లందరూ మాస్టర్లే గనక మాస్టరన్న మాట దానంతట అదే వచ్చింది. జడత్వం మాత్రం బస్సులో వచ్చింది.

ఒకరోజు కిక్కిరిసిన బస్సులో డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు తొక్కితే, మాస్టరు వెళ్లి ముందు నిలబడ్డ ఒక పెద్దావిడ మీద వాలిపోయాడు. ఆవిడ గొడుగు ఎత్తింది. ఇంకొకడైతే తప్పయిపోయిందమ్మా అని చేతులు జోడించేవాడు. ఈయన ఆ గొడుగు కిందనుంచే, బస్సు ఆగింది గానీ ఆగాలన్న కబురు తన ఒంటికి ఇంకా అందలేదనీ, కదిలే వస్తువు కదులుతూనే ఉంటుందనీ, దాన్ని జడత్వం అంటారనీ, ఇందులో తన తప్పు ఇసుమంతైనా లేదనీ వివరించడం మొదలుపెట్టాడు. గొడుగుకి కూడా జడత్వం ఉంటుందని ఆవిడ రెండు దెబ్బల్లో నిరూపించింది. మాస్టరు నొచ్చుకోలేదు. సూత్రం రుజువైనందుకు సంతోషించాడు.

ఎనిమిదో తరగతిలో బడి మానేసిన మనిషి. మానేసేనాటికి సైన్సు పుస్తకంలో ఆయన చెవికెక్కింది ఆ ఒక్క పాఠమే. చదువుకున్నవాళ్లకి వంద సూత్రాలు వస్తాయి. పరీక్ష రాసి బయటికొచ్చాక ఒక్కదాన్నీ నమ్మరు. ఈయనకి వచ్చింది ఒక్కటే. దాన్ని కోతిపిల్ల తల్లిని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. పొద్దున్నే లేవలేకపోతే జడత్వం, తినడం మొదలుపెట్టి ఆపలేకపోతే జడత్వం. చొక్కా ఎప్పుడిస్తావయ్యా అని అడిగితే, నిశ్చలంగా ఉన్న వస్తువు బయటి బలం తగిలేదాకా నిశ్చలంగానే ఉంటుందని చెప్పేవాడు. గట్టిగా కేకలేసేవాళ్ల చొక్కాలు ముందు తయారయ్యేవి. బలం తగిలింది కదా మరి.

సినిమాకి తీసుకెళ్తే పరువు తీసేవాడు. తెర మీద హీరో పిస్తోలు పేలిస్తే దొంగ గాల్లోకి లేచి, గోడ బద్దలు కొట్టుకుని, అవతలి వీధిలో పడ్డాడు. మాస్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. దొంగకి అంత జోరు తగిలితే కాల్చినవాడికీ అంతే తగలాలనీ, హీరో కూడా వెనక్కి ఎగిరి ఇంకో గోడ బద్దలు కొట్టాలనీ, కొట్టేదాకా తను కూర్చోననీ హాలంతా వినబడేలా చెప్పాడు. హాలు మనుషులొచ్చి భుజాలు పట్టుకుని బయటికి నడిపించారు. భార్య వెంట రాలేదు. టికెట్లు రెండు కొన్నప్పుడు ఒక్కరైనా చూడకపోతే ఎట్లా అని చివరిదాకా కూర్చుని, బయటికొచ్చాక మెట్ల మీద కూర్చున్న మొగుడికి మిగతా కథ చెప్పింది. అందులోనూ ఆయన తప్పులు పట్టాడు.

ఆయన కొట్టు, బావమరిది కట్టించిన మేడ కింద వీధివైపు గది. బావమరిది విందులకీ వేడుకలకీ బల్లలు, కుర్చీలు, గిన్నెలు అద్దెకిచ్చే మనిషి. అక్క ముఖం చూసి ఆ గదిని బావకి ఇచ్చాడు. కిటికీ దగ్గర మిషను, గోడ పొడుగునా కత్తిరింపు బల్ల, మేకుకి వేలాడే కొలతల టేపు, నేల మీద ఎప్పుడూ చీలమండల దాకా పీలికలు. అంతకుముందు మాస్టరు చాలాకాలం ఒక రెడీమేడ్ దుకాణంలో, మెట్ల కింద ముక్కాలిపీట మీద కూర్చుని, పైవాళ్లు విసిరేసిన ప్యాంట్ల కాళ్లు కురచ చేసేవాడు. తల ఎత్తితే మెట్టు తగిలేది. ఈ గదిలోకి వచ్చాకే తల ఎత్తి కుట్టడం అలవాటైంది. ఆ గదే పోయే రోజు వచ్చింది.

బావమరిది కొత్తగా పింగాణీ సరుకు తెచ్చాడు. పళ్లాలు, గిన్నెలు, సాసర్లు, అంచుకి సన్నటి నీలం గీత. ఇన్నాళ్లూ స్టీలుతో నెట్టుకొచ్చినవాడు, పెద్దవాళ్ల విందులు పట్టాలంటే ఇదొకటే దారని ఉన్నదంతా ఊడ్చి దాంట్లో పెట్టాడు. వాటిని పైకీ కిందికీ మోస్తే పగులుతాయి కాబట్టి కింది గది కావాలన్నాడు. మొదట నవ్వుతూ అడిగాడు, తర్వాత నవ్వకుండా అడిగాడు. మూడోసారి కొత్త తాళంకప్ప పట్టుకొచ్చి కత్తిరింపు బల్ల మీద పెట్టాడు. నిశ్చలంగా ఉన్నవాణ్ని కదపడం ప్రకృతికే విరుద్ధమని మాస్టరు మొదలుపెట్టబోతే, బావమరిది చెయ్యెత్తి ఆపాడు.

"బావా, నీ జడత్వం వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి. ఆ టీవీలో వాళ్ల విద్య నువ్వూ చేస్తున్నావట కదా. నా పింగాణీ కింద నుంచి గుడ్డ లాగు చూద్దాం. పళ్లాలు కదలకపోతే నువ్వూ కదలక్కర్లేదు. జన్మలో అడగను."

"కదిలితే?"

"ఈ తాళం నీ చేత్తోనే వేసి, చెవి నాకివ్వు."

టీవీ సంగతి నిజమే. సినిమాల్లో చూపించే సాహసాలు నిజంగా జరిగేవా కావా అని ఇద్దరు కుర్రాళ్లు చేసి చూపించే కార్యక్రమం ఒకటుంది. అందులో వాళ్లు గిన్నెలు పెట్టిన బల్ల మీంచి గుడ్డ లాగేశారు, గిన్నెలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మాస్టరుకి ఆ రాత్రి అన్నం సయించలేదు. గుడ్డ తన చేతిలో ఉండగా ఇన్నేళ్లు ఈ పని చెయ్యలేదేమని తనని తానే తిట్టుకున్నాడు. మర్నాటి నుంచి కొట్లో అదే పని. కత్తిరింపులో మిగిలిన ముక్క పరిచి, దాని మీద గుండీల డబ్బా పెట్టి లాగేవాడు. తర్వాత కత్తెర. తర్వాత టీ గ్లాసు, ముందు ఖాళీది, ఆపైన నిండుది. కొన్ని గ్లాసులు పోయిన మాట వాస్తవం. కానీ చెయ్యి కుదిరింది. మెల్లగా లాగితే గ్లాసు గుడ్డతో పాటు వస్తుంది. గ్లాసుకి తెలిసేలోపు లాగేస్తే రాదు. అంతా ఆ తెలిసేలోపులోనే ఉందని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు.

బావమరిది లెక్క వేరు. ఖరీదైన సరుకు ఎదురుగా పెడితే బావ బెదిరి, మాట్లాడకుండా తాళంచెవి ఇచ్చేస్తాడనుకున్నాడు. మాస్టరుకి ఆ లెక్క తెలుసు. పింగాణీ బయటికి తియ్యాల్సివస్తే బావమరిదే వెనకాడతాడని ఈయన లెక్క.

ఆదివారం మేడ మీద హాల్లో పొడుగాటి బల్ల వేశారు. మెట్ల మీద ఇరుగుపొరుగు. మాస్టరు నున్నటి తెల్లగుడ్డ పరిచాడు. బావమరిది ఒక వరస పళ్లాలు పెట్టి బావ ముఖంలోకి చూశాడు. మాస్టరు ఇంకో వరస పెట్టమన్నాడు. బావమరిది పళ్లు బిగించి గిన్నెలు పెట్టాడు. బరువు ఎక్కువైనకొద్దీ జడత్వం ఎక్కువ, ఎంత పెడితే నాకంత మేలు, సాసర్లు కూడా తెమ్మన్నాడు మాస్టరు.

మాస్టరు కూతురు ఆగలేకపోయింది. కాలేజీలో అదే చదువుతోంది.

"నాన్నా, బరువు పెరిగితే రాపిడి కూడా అంతే పెరుగుతుంది. దానికీ దీనికీ చెల్లు. ఎక్కువ పెడితే ఒరిగేదేం లేదు."

"నువ్వు పరీక్షలో రాసుకో తల్లీ, ఇక్కడ నన్ను కానీ."

"మామయ్యా, నువ్వైనా ఆపు."

మామయ్య ఆపలేదు. భయపడ్డాడనుకుంటారని భయం. ఒకరు పెట్టమంటే ఒకరు పెట్టి, పెట్టినకొద్దీ ఇంకా పెట్టమని, కొత్త సరుకంతా ఆ బల్ల ఎక్కేదాకా ఇద్దరూ వెనక్కి తగ్గలేదు. దాన్ని పౌరుషం అంటారు. మాస్టరు వాడే మాటే దానికి ఇంకా బాగా అతుకుతుంది గానీ, ఆ పూట ఆయన సొంత ఒంటికి దాన్ని అన్వయించుకునే తీరికలో లేడు.

మాస్టరు గుడ్డ చివర రెండు చేతులా పట్టుకున్నాడు. ఒక్క లాగు లాగాడు.

అప్పుడైన చప్పుడు గురించి ఆ వీధిలో ఇప్పటికీ తలో రకంగా చెబుతారు. బల్ల అవతలి చివరనున్న వరస ముందు కదిలింది. అది దాని ముందున్నదాన్ని తోసింది. మొత్తం పింగాణీ బారులు తీరి, గుడ్డ వెనకాలే, అల్లుడి వెనక బంధువుల్లా, మాస్టరు కాళ్ల మీదికి వచ్చేసింది.

ఒక సాసరు నేల మీద గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయింది. బావమరిది ఉన్నచోటే కూర్చున్నాడు. మాస్టరు గుడ్డ అవతలి కొసని చేతిలోకి తీసుకుని, వేళ్లతో తడిమి, అక్కడే ఆగిపోయాడు.

కొట్లో ఆయన లాగినవన్నీ కత్తెర పడిన పీలికలు. అంచు లేనివి. ఇవాళ పదిమంది ముందు పరిచే గుడ్డకి దారాలు వేలాడుతుంటే దర్జీ అన్నవాడి ప్రాణం ఒప్పుతుందా? పొద్దున్నే కూర్చుని, నాలుగువైపులా రెండు మడతలు పెట్టి, అంగుళానికి అన్నే కుట్లు పడేలా అంచు కుట్టాడు. వేలి మందాన గట్టులా తయారైంది. ఆ గట్టు వెళ్లి పళ్లాల అడుగుల్ని గేదెల్ని తోలినట్టు తోలుకొచ్చింది. అంత జరిగినా ఒక్క కుట్టు ఊడలేదు.

"అంచు కుట్టకుండా ఉండాల్సింది," అన్నాడు మాస్టరు.

"ఆ బుద్ధి ముందుండాల్సింది," అంది భార్య, చీపురు కోసం వెళ్తూ.

మాస్టరు తిన్నగా కిందికి దిగాడు. ఎవరూ అడగకుండానే మిషను తల మరలు విప్పడం మొదలుపెట్టాడు. టేపు మేకు మీంచి తీసి చుట్టాడు. రెడీమేడ్ దుకాణం యజమాని ఇంకా బతికే ఉన్నాడా అని ఆలోచించాడు. మెట్ల కింద పీట మీద ఇప్పుడెవరు కూర్చుంటున్నారో.

కాసేపటికి బావమరిది వచ్చాడు. చేతిలో పగలకుండా మిగిలిన నాలుగైదు సాసర్లు. వాటిని కత్తిరింపు బల్ల మీద పెట్టి, తిట్టడానికి నోరు తెరిచి, తిట్టలేదు.

"అంచు లేకపోతే నిజంగా ఉండేవా బావా?"

"నమ్మకపోతే నేనేం చెయ్యను."

"ఏదీ, చూపించు."

మాస్టరు ఒక పీలిక పరిచి, ఒక సాసరు పెట్టి లాగాడు. సాసరు కదల్లేదు. రెండు పెట్టి లాగాడు. అవీ కదల్లేదు. బావమరిది వంగి, సాసరు కిందా పైనా చూసి, ఇంకోసారి చెయ్యమన్నాడు. ఆ తర్వాత తనని పట్టుకోనివ్వమన్నాడు. మెల్లగా లాగొద్దు, అది తెలిసేలోపు లాగు, మధ్యలో ఆలోచించకు, అని మాస్టరు బావమరిది వెనక నిలబడి మోచేతులు సర్దాడు. బావమరిది మధ్యలో ఆలోచించాడు. మిగిలినవి కూడా వెళ్లి గోడకి తగిలాయి.

భార్య చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. గోడ దగ్గరి ముక్కల్ని చూసింది, తమ్ముణ్ని చూసింది.

"ఇంతకీ ఈ గదిలో ఏం పెడతావురా?"

బావమరిది గది నాలుగు గోడలూ చూశాడు. మళ్లీ పింగాణీ కొనాలంటే ఏళ్లు పట్టేటట్టుంది. స్టీలు పళ్లాలకి పెరట్లో రేకుల కింద చోటుంది. కత్తిరింపు బల్ల మీదున్న తాళంకప్పని తీసి జేబులో వేసుకున్నాడు.

"ఖాళీగా ఉంచితే ఎలుకలు చేరతాయక్కా," అన్నాడు చివరికి. "అందాకా బావని ఉండమను."

మాస్టరు ఒప్పుకోలేదు. పందెం పందెమే అన్నాడు, పళ్లాలు కదిలాయి గనక తను పోవాల్సిందే అన్నాడు. విప్పిన మరలు వేసిన డబ్బాకి మూత కూడా బిగించాడు. భార్య ఆయనకేసి ఒక్క చూపు చూసింది. అంతకు మించిన బయటి బలం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. మరల డబ్బా మూత తెరుచుకుంది.

మరలు ఊడిన మిషను తలని మళ్లీ స్టాండు మీద సర్దాలంటే ఒక్కడు ఎత్తేది కాదు. ఒకవైపు మాస్టరు పట్టుకున్నాడు, రెండోవైపు బావమరిది వచ్చి పట్టుకున్నాడు. కాళ్ల కింద పింగాణీ ముక్కలున్నాయి, చూసి అడుగెయ్యమని భార్య ఇద్దరికీ కలిపి చెప్పింది.