ఆరుగురికి ఒకటే ఫోన్ నంబర్

2023 వానాకాలం. ఇబ్రహీంపట్నం బస్టాండుకు దగ్గరలో ఇరవై పడకల ప్రైవేటు దవాఖాన ఒకటి ఉంది. దాని డేటాబేస్ చూసుకునే పని నాది. పేషెంట్ల చీటీలన్నీ వరసగా దాచిన బీరువాను డేటాబేస్ అనుకోండి. ఆ బీరువా దవాఖానలో కాకుండా ఎక్కడో పెద్ద కంపెనీ కంప్యూటర్లలో అద్దెకు ఉంటే, క్లౌడ్‌లో ఉందంటాం. రోజూ దానికొక నకలు తయారవుతుంది, మధ్యలో జరిగిన మార్పులు కూడా నిమిషం నిమిషం నమోదవుతాయి. అదే బ్యాకప్. "బ్యాకప్ ఉన్నది కదా" అనే మాట వినబడని దవాఖాన నాకు తగల్లేదు. దాన్ని ఒక్కసారి తెరిచి చూద్దామన్న దవాఖాన కూడా తగల్లేదు.

ఒక శనివారం పొద్దున పది గంటలకు మేనేజర్ నర్సిమ్మన్న ఫోన్ చేశాడు.

"సరితా, జర జల్ది రా. కంప్యూటర్ల మనుషులు కలిసిపోయిన్రు."

ఎవరు కలిశారో, ఎట్లా కలిశారో చెప్పడు. మా ఇల్లు రెండు వీధుల అవతలే కాబట్టి లాప్‌టాప్ పట్టుకుని పోయాను.

లోపల బల్ల మీద జంగమ్మ కూర్చుని ఉంది. కందుకూరు వైపు పల్లె ఆమెది. కొడవలి తగిలి తెగి పాదం బుడగలా వాచింది. ఎదురుగా నెల కింద చేరిన కొత్త డాక్టరమ్మ. ట్రేలో సూదిమందు సీసా సిద్ధంగా ఉంది. కంప్యూటర్‌లో 'అలర్జీ: లేదు' అని చూసి ఆమె సూది వేయబోతే జంగమ్మ చెయ్యి లాక్కుందట.

"నాకొక సూది పడదమ్మా. రెండేండ్ల కింద ఈడనే ఇచ్చిన్రు, ఊపిరాడలే. గప్పటి డాక్టర్ సారు కంప్యూటర్ల రాసిండు."

"ఏ సూది?" అని డాక్టరమ్మ అడిగింది.

"పేరు నాకేమెరుక? గండ్లనే రాసున్నది, చూడున్రి."

నేను చూశాను. జంగమ్మ వయసు డెబ్బై ఒకటి అని ఉంది. షుగరు మాత్రలు ఉన్నాయి. వాటి కింద పసిపిల్లల టీకాలు ఉన్నాయి. అత్త, భర్త, మరిది, అతని ఇద్దరు పసిపిల్లలు, జంగమ్మ, ఆరుగురూ ఒక్క మనిషైపోయారు. అందరికంటే ముందు పేరు రాయించుకున్నది అత్త కాబట్టి వయసు, అలర్జీ ఆమెవే నిలిచి, మిగతావాళ్లవి చెరిగిపోయాయి. అత్తకు ఏ అలర్జీ లేదు.

దీన్ని మెర్జ్ అంటారు. ఒకే మనిషి పొరపాటున రెండుసార్లు ఎక్కితే కలపడానికి పెట్టిన బటన్ అది.

"ఎవరు నొక్కిన్రు?" అని అడిగాను.

"నేనే," అన్నాడు నర్సిమ్మన్న. "ఒక్క ఫోన్‌కు ఆరు మెసేజులొస్తున్నయని ఈమె మరిది వచ్చి లొల్లి పెట్టిండు. ఒక్క నంబర్ ఉన్నోళ్లందర్ని ఒక్కటి చేసిన. సాఫ్ అయితదనుకున్న."

మన దగ్గర ఇంటికొక నంబర్ రాయిస్తారు. మెసేజ్ చదివి చెప్పగల మనిషి ఎవరో ఆ మనిషి నంబర్. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు ఈ సంగతి తెలియదంటే సరే. ఇక్కడే పుట్టి పెరిగిన నర్సిమ్మన్నకు తెలియదా? తల బాదుకోవాలనిపించింది.

"ఎప్పుడు నొక్కినవ్?"

"పోయిన శనివారం పొద్దుగాల. అగర్‌బత్తి ముట్టిచ్చినంక, చాయ్ తాగకముందు."

పాత నకళ్లను ఎన్నాళ్లు ఉంచాలో చెప్పే గడువును రిటెన్షన్ అంటారు. ఆ దవాఖానకు అది ఏడు రోజులు. పెట్టింది నేనే. వారంలో తప్పు బయటపడకుండా ఉంటుందా అనుకున్నాను. ఎవరు ఎప్పుడు ఏం నొక్కారో రాసి ఉండే లాగ్ తీసి చూస్తే మెర్జ్ జరిగింది పది యాభై రెండుకు. గోడ గడియారం పది ఇరవై ఒకటి చూపిస్తోంది. అరగంట దాటితే మిగిలేవన్నీ తప్పు నకళ్లే.

నకళ్లున్న క్లౌడ్‌లోకి లాగిన్ అయితే ఓటీపీ అడిగింది. అది దవాఖాన యజమాని బామ్మర్ది ఫోన్‌కు పోతుందట. ఆయన ప్లాట్ చూడడానికి బొంగులూరు పోయాడట.

"మీకు కూడా ఇంటికొక్కటే నంబరా అన్నా?" అన్నాను.

మొదటిసారి బామ్మర్ది ఫోన్ ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, "ఎవ్వలకు చెప్పొద్దని మెసేజ్‌లనే రాసున్నది. నేనెట్ల చెప్త?" అన్నాడు. నేను బతిమాలేలోపు ఓటీపీ గడువు అయిపోయింది. పదిన్నర దాటింది. మూడోసారి జంగమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"బిడ్డా, నా పానం గా కంప్యూటర్ల ఉన్నది. జర చెప్పు."

చెప్పాడు. పది నలభై మూడుకు రిస్టోర్ మొదలుపెట్టాను. పోయిన శనివారం పది యాభైకి బీరువా ఎట్లా ఉందో అట్లాంటి ఇంకొక బీరువా తయారు చేయమని అడగడమే అది. ఇప్పుడున్న బీరువా జోలికి పోదు. ఒకసారి మొదలైతే గడువు దాటినా ఆగదు.

"పాతది తెచ్చి దీని మీద పెట్టెయ్, ఒడుస్తది," అన్నాడు నర్సిమ్మన్న.

"పెడితే ఈ వారం వచ్చినోళ్లంత మాయమైతరన్నా."

నలభై నిమిషాలు పట్టింది. ఐదు నిమిషాలకొకసారి ఆయన "అయిందా?" అనడం, నేను పళ్లు కొరకడం. మూత తీసి చూస్తే అన్నం తొందరగా ఉడుకుతుందా?

చివరికి తెరుచుకుంది. జంగమ్మ, నలభై మూడేళ్లు. పైన ఎర్ర అక్షరాల్లో మందు పేరు, దాని పక్కన 'ఎప్పటికీ ఇవ్వవద్దు' అని. డాక్టరమ్మ ఆ పేరు చదివి ట్రే వైపు చూసింది. ఆ సీసానే. మెల్లగా తీసి లోపల పెట్టి, వేరే మందు రాసింది. నేను పోయి జంగమ్మ పక్కనే కూర్చున్నాను.

"రాసున్నదని చెప్పిన గద," అంది జంగమ్మ, నన్నే ఓదారుస్తున్నట్టు.

కలిసిపోయిన ఇళ్లన్నీ విడదీయడానికి నాకు రెండు రోజులు పట్టింది. నకళ్ల గడువును నెల దాటించాను. మెర్జ్ బటన్ నర్సిమ్మన్నకు కనిపించకుండా చేశాను. ఓటీపీ ఇప్పుడు ఇద్దరికి వస్తుంది.

అప్పటినుంచి ప్రతి నెలా మొదటి సోమవారం ఆ దవాఖానకు పోయి, బ్యాకప్‌ను పక్కన రిస్టోర్ చేసి తెరుస్తాను. "బ్యాకప్ ఉన్నది కదా, మళ్ల ఎందుకు?" అని నర్సిమ్మన్న ప్రతిసారీ విసుక్కుంటాడు. నేను జంగమ్మ పేజీ వెతుకుతాను. ఆ ఎర్ర అక్షరాలు కళ్లారా చూశాకే, బ్యాకప్ ఉందని ఒప్పుకుంటాను.