మేక తల మీద చెయ్యి

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. చంపాపేట్‌లో మేం కూడుకునే ప్రార్థన గదిలో పాస్టరుగారు దిద్దించారు. కూడబలుక్కుని నేను మొదట చదివింది బైబిల్లో ఇశ్రాయేలీయుల బలుల సంగతి. తప్పు చేసినవాడు జంతువును తెచ్చి దాని తల మీద చెయ్యి పెట్టాలి. ఎందుకని అడిగాను. పాస్టరుగారిది కోస్తా. "తన తప్పు దాని మీద మోపుతున్నాడండీ. ఆ జంతువులన్నీ నీడలు. అసలు గొర్రెపిల్ల క్రీస్తు. ఒక్కసారే చనిపోయాడు, అందరికీ సరిపోయింది" అన్నారు.

ఆ మాట పట్టుకుని మా తమ్ముణ్ణి ఏళ్ల తరబడి సతాయించాను, నీ మొక్కులన్నీ దండగ అని. వాడు మొక్కులు మానలేదు, నేను నోరు మూయలేదు.

తెలంగాణ ఉద్యమం ముదిరిన రోజులు. ఒక బంద్ నాడు మేస్త్రీ పని లేక ఎల్బీనగర్ కూడలి మీదుగా నడిచి వస్తున్నాను. రోడ్డుకు అడ్డంగా కూర్చున్న కాలేజీ పిల్లల్ని పోలీసులు వ్యాన్ ఎక్కిస్తున్నారు. వాళ్లలో తమ్ముడి బిడ్డ ఉంది. నన్ను చూసి చెయ్యి ఎత్తింది. నేను బస్టాపు వెనక్కి జరిగాను. లాఠీ భయం. వ్యాన్ వనస్థలిపురం వైపు వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. చూశానంటే, చూసి ఏం చేశావంటారు. తమ్ముడు చీకటి పడేదాకా బిడ్డ కాలేజీ ఉన్న దిల్‌సుఖ్‌నగర్ వైపు స్టేషన్లు, దవాఖానలు అన్నీ తిరిగాడు. ఎక్కడా లేదు. ఫోన్ కలవలేదు. తెల్లారి, బిడ్డ క్షేమంగా రావాలని, మేకను తెచ్చి తన వాకిట్లో నిలబెట్టాడు.

మా వంశంలో మేక మీద పసుపు నీళ్లు పోయాల్సింది పెద్దవాడు. మేక ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. బాప్తిస్మం తీసుకున్నాక నేను ఆ చెంబు ముట్టలేదు. తమ్ముడే పోశాడు. మేక కదల్లేదు. మళ్లీ పోశాడు. ఇంకోసారి పోశాడు. అది అలాగే నిలబడి ఉంది.

మరదలు నా వైపు తిరిగింది. "బావా, పెద్దోనివి నువ్వు పోస్తలేవనే గిట్లయితుంది. నీ దేవునికి నేను మొక్కి చెప్త తియ్యి. జర పొయ్యి."

"గాయన పొయ్యడు" అన్నాడు తమ్ముడు. "మనకు నీతులు చెప్పనీకె ఉన్నడు. బిడ్డ ఏడున్నదో గాయనకేంది?"

లేచి మేక దగ్గరికి వెళ్లాను. చెంబు తీసుకోలేదు. దాని తల మీద చెయ్యి పెట్టాను. తడిగా, వేడిగా ఉంది. నా తప్పుకు ఇది చావబోతోంది అనిపించింది. పాస్టరుగారు చెప్పిన ఇంకో మాట ఉంది, నాకు పనికిరాదని వదిలేసింది. పొరుగువాడి సొత్తు కాజేసినవాడు ముందు దాన్ని తిరిగి ఇచ్చేయాలి. ఆ తర్వాతే పొట్టేలును తేవాలి. క్రీస్తు నా తప్పు మోశాడు, నిజమే. తమ్ముడికి ఇవ్వాల్సింది మాత్రం ఇంకా నా నోట్లోనే ఉంది.

"బిడ్డను నేను సూసిన్రా" అన్నాను. "నిన్న. వ్యాన్ల వనస్థలిపురం దిక్కు తీస్కపోయిన్రు. నేను దాక్కున్న."

తమ్ముడు నా చొక్కా పట్టుకున్నాడు. "రాత్రంత నా పక్కనే కూసున్నవ్ గదనే అన్నా! నేను పోసిచ్చిన చాయ్ తాగినవ్ గద!" చొక్కా వదిలి, "నడువ్" అన్నాడు.

ఆటోలో వనస్థలిపురం వెళ్లాం. అక్కడ స్టేషన్ పక్క ఫంక్షన్ హాల్లో ఆడపిల్లల్ని కూర్చోబెట్టి ఉంచారు. బిడ్డ మోచేతికి కట్టు ఉంది. తండ్రిని పట్టుకుని ఏడ్చింది. తర్వాత నన్ను చూసింది.

"పెద్దనాయినా, నిన్న నన్ను సూసినవా, సూడలేదా?"

"సూసిన బిడ్డా. భయమై దాక్కున్న."

"నాకు గూడ భయమైంది" అంది.

ఆ ఆదివారం తమ్ముడు మొక్కు తీర్చుకున్నాడు. అమ్మవారికి కోసింది నేను తిననని తెలిసి కూడా ప్రతిసారీ మా ఇంటికి కూర పంపేవాడు. ఈసారి పంపలేదు.