చప్పుడు చేయొద్దన్న రాత్రి

ఆ రోజుల్లో నాకు ఆకాశం గురించి తెలిసినంత నేల గురించి తెలియదు. పాల్వంచలో కొత్తగా పంతులమ్మ ఉద్యోగం, సాయంత్రమైతే మా మామయ్యతో నక్షత్రాల క్లబ్బు. (క్లబ్బంటే ఏమో అనుకునేరు. మామయ్య అధ్యక్షుడు, నేను కార్యదర్శిని, మిగతా సభ్యులు ఇల్లు కదలరు.) థర్మల్ స్టేషన్ దీపాల వెలుగులో మా ఊళ్లో చుక్కలు సరిగా కనిపించవు, పిలిచినా ఎవరూ రారు. విసిగిపోయిన మామయ్య, "ఈసారి గూడ జనం రాకుంటే టెలిస్కోపు అమ్మి పారేస్తనే పిల్లా" అని తేల్చేశాడు. అది పోతే నా సాయంత్రాలన్నీ పోయినట్టే. అందుకే చర్ల అవతల, అడవి అంచు పల్లెలో, బడి మైదానంలో అందరికీ చుక్కలు చూపిద్దామని ఆయన్ని బతిమాలి ఒప్పించాను.

ఆకాశం నల్లగా ఉండాలని అమావాస్యను ఎంచుకున్నాను. ఊరి పెద్దమనిషికి ఫోన్ చేసి ముందురోజే డప్పు చాటింపు వేయించాను. లైట్లు తేవద్దు, సెల్లు తీయవద్దు, చప్పుడు చేయవద్దు. (చీకటికి కళ్లు అలవాటు పడితేనే చుక్కలు బాగా కనిపిస్తాయి. చప్పుడు సంగతి మాత్రం వట్టి పంతులమ్మ చాదస్తం.) దారిలో పోలీసు క్యాంపు వాళ్లు మా టెలిస్కోపు గొట్టాన్ని చూసి, అది తుపాకీ కాదని నమ్మేదాకా కదలనివ్వలేదు. మేం చేరేసరికి బాగా చీకటి పడింది.

మైదానంలో పలకరించేవాళ్లు లేరు. కళ్లు చెదరకుండా ఎర్రకాగితం చుట్టిన టార్చి వెలుగు మా వేళ్ల దాకానే పడుతుంటే టెలిస్కోపు నిలబెట్టి ఎదురుచూశాం. "అమావాస్యనాడు ఎవడొస్తడే? నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది" అన్నాడు మామయ్య. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు మింగుతుంటే వినిపించింది, ఊపిరి. నాది కాదు. గాలి లేదు, ఆకు కదలడం లేదు, అయినా మా చుట్టూ ఏదో మెల్లగా ఊపిరి తీస్తోంది. దయ్యాలు లేవని బళ్లలో ఉపన్యాసాలిచ్చే మామయ్య నా మోచెయ్యి పట్టుకుని ప్రభువును పిలవడం మొదలుపెట్టాడు. మా వెనక, చాలా దగ్గరగా, ఎవరో దగ్గారు. వెంటనే మరో గొంతు గుసగుసగా, "దగ్గకు. వద్దన్నరు గద" అంది.

టార్చి తిప్పాను. ఎర్రటి మసకలో వరసగా ముఖాలు. ఊరు ఊరంతా, చంటిపిల్లలతో సహా, నేలమీద కూర్చుని మమ్మల్నే చూస్తోంది.

"ఎప్పుడొచ్చారు తాతా?" అన్నాను, ముందున్న ముసలాయనతో.

"పొద్దు గూకక ముందు సంది ఈడనే ఉన్నం."

"మరి పలకలేదేం?"

"వద్దంటిరి గద బిడ్డా. లైటార్పి సప్పుడు చేయకుండ కూసునుడు మాకు కొత్త గాదు. క్యాంపోళ్లు జెప్పినా కూసుంటం, అడవిలకెల్లి వచ్చినోళ్లు జెప్పినా కూసుంటం. మీరు ఏ దిక్కోళ్లో ఎర్క లేకపాయె."

మామయ్యే తేరుకుని, "మాది ఏ దిక్కు గాదు పెద్దాయనా, మేం పైకి చూసేటోళ్లం. మీరు మంచిగ మాట్లాడుకోండి" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. చివరికి ఒక అవ్వ లేచి, టెలిస్కోపులో కన్నుపెట్టి శనిగ్రహాన్ని చూసి, "గిదేందే, దీనికి కడియం దొడిగిండ్రు" అని గట్టిగా అనేసి, భయంగా వెనక్కి చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. ముందు ఒకరు కిసుక్కుమన్నారు, తర్వాత మైదానమంతా సంతలా మారిపోయింది. మళ్లీ ఎప్పుడొస్తరని అడిగితే, నన్ను అడక్కుండానే మామయ్య వచ్చే అమావాస్యకని మాటిచ్చేశాడు.

ఆ చీకట్లో భయపడింది తామిద్దరే అనుకున్న ఆ పిల్ల పంతులమ్మను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వాక కాసేపు ఏ పనీ తోచదు.