నట్లకు బొట్టు

నా చిన్నప్పుడు మా గోదావరిఖనిలో ఇంట్లో గడియారం ఉన్నవాళ్లు కూడా గని సైరన్ విన్నాకే టైము నమ్మేవాళ్లు. సైరన్ మోగితే పొయ్యి మీది అన్నం దిగాలి, మేం బడికి కదలాలి, మా బాపు టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకి పోవాలి. అలాంటి సైరన్‌నే తప్పుపట్టిన మనిషిని నా జన్మలో ఒక్కణ్నే చూశాను. ఆయన మా బావ, అంటే మా అక్క పెనిమిటి.

పెళ్లయ్యాక తొలి దసరాకు వచ్చాడు. చేతికి తళతళలాడే కొత్త గడియారం. వాకిట్లో నలుగురూ కూర్చుని ఉండగా సైరన్ మోగింది. బావ మణికట్టు తిప్పి చూసుకుని, ఇవాళ మీ సైరన్ ముందే కొట్టింది మామా అన్నాడు. మా బాపుకు నవ్వాగలేదు. "సైరన్ కాదు అల్లుడా, నీ గడియారమే ఎనకున్నది" అన్నాడు. పక్కింటివాళ్లు కూడా నవ్వారు. బావ ముఖం మాడిపోయింది. ముందు పెట్టిన కంచం ముట్టకుండా లేచి, చెప్పులేసుకుని, బస్సెక్కి వెళ్లిపోయాడు. అక్క సంచి సర్దుకునేలోపే బస్సు కదిలిపోయింది.

గడియారం వెనకుందన్నందుకు పెళ్లాన్ని వదిలిపోతారా అని మీరు అడగొచ్చు. పోతారు. కొత్తల్లుడి అలకకు కారణం ఎంత చిన్నదైతే అంత గట్టిగా పట్టుకుంటుంది. ఎండలు ముదిరేదాకా ఆయన మా గడప తొక్కలేదు. బస్సు వచ్చే వేళకు అక్క వాకిట్లో ఏదో ఒక పని పెట్టుకునేది. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చేది. చూసేవాళ్లకు ఏడుపొచ్చేది.

ఆఖరికి పెద్దమనుషులు వెళ్లి బతిమాలితే బావ మెత్తబడ్డాడు. ఒక కాంట్రాక్టరు దగ్గర జీపు నడిపేవాడు, ఆ జీపే అడిగి తెచ్చాడు. అందరం వేములవాడకు పోయి మొక్కు తీర్చుకుని, అటునుంచి అటే అక్కను అత్తగారింట్లో దింపి రావాలని అనుకున్నారు. ముందురోజు అమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. "బావను ఎవ్వరు ఒక్క మాట అనొద్దు. మళ్ల అలిగిండంటే మీ అక్క బతుకు గిక్కడ్నే ఆగిపోతది." ఆ మాట నా ముఖం చూస్తూ చెప్పింది గానీ, చెప్పింది బాపుకు.

తెల్లారి చూస్తే జీపు వెనక చక్రంలో గాలి లేదు. బావ చొక్కా చేతులు మడిచి, జాకీ వేసి, చక్రం మార్చడానికి కూర్చున్నాడు. బాపు సాయం చేద్దామని వంగితే, "మీరు కూసోండి మామా, గిది నా పని" అన్నాడు. బాపు వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. ఇంతలో అమ్మ, వర్జ్యం వస్తోంది, లేవండి లేవండి అని తొందర పెట్టింది. ఒకరు టీ ఇస్తున్నారు, ఒకరు సామాను ఎక్కిస్తున్నారు. బావ జాకీ దించి, నిలబడే టీ తాగి, స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ముందు బావ, బాపు. వెనక ఎదురెదురు బల్లల మీద ఒకవైపు అమ్మ, అవ్వ, మరోవైపు అక్క, నేను. అవ్వంటే మా బాపు తల్లి. మధ్యలో అక్క ఇనుప పెట్టె, సకినాల గంప, బియ్యం మూట. నా కాళ్లు పెట్టె కింద ఇరుక్కుపోయాయి. దుమ్ము పడకుండా తాడుపత్రి గుడ్డ చుట్టూ కట్టేశారు. రామగుండం దాటేసరికే లోపల ఉడికిపోతున్నాం. చెమట తుడుచుకుందామన్నా చెయ్యి లేపే జాగా లేదు.

పెద్దపల్లి దగ్గరికొచ్చేసరికి నా కిందినుంచి చప్పుడు మొదలైంది. టక్కు, టక్కు. బండి వేగం పెరిగితే అది పెరుగుతోంది, తగ్గితే తగ్గుతోంది. ముందు సకినాల గంప అనుకున్నాను. తర్వాత బల్ల కూడా అదరడం మొదలైంది. పొద్దున బావ మార్చిన చక్రం సరిగ్గా నా కిందే ఉంది. అక్క నా చెయ్యి పట్టుకుంది, ఎంత గట్టిగా అంటే ఆమె గాజులు నా మణికట్టుకు గుచ్చుకున్నాయి. "బావా, కింద..." అని నోరు తెరిచానో లేదో, అమ్మ పెట్టె మీదుగా చెయ్యి చాచి నా తొడ గిల్లింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు మూసుకున్నాను.

నేను వెనకనుంచి బాపు తల చూస్తూ కూర్చున్నాను. మా బాపు గనిలో పని మొదలుపెట్టే ముందు ఇనుప కడ్డీతో పైకప్పును కొట్టి చూసేవాడు. కొడితే గణగణమంటే బొగ్గు గట్టిగా ఉన్నట్టు, బోలుగా పలికితే ఊడిపడేలా ఉన్నట్టు. పైన ఎక్కడ చిటుక్కుమన్నా అరిచి పదిమందినీ బయటికి లాగే మనిషి. చప్పుడు వినడమే ఆయన బతుకు. అలాంటి మనిషి అన్నీ వింటూ, మెడ బిగబట్టుకుని, వెనక్కి తిరగకుండా కూర్చున్నాడు. దసరా నాడు అన్న ఒక్క మాట ఆయన గొంతుకు అడ్డం పడిందని నాకు అప్పుడే అర్థమైంది. గనికంటే ఆ జీపంటేనే నాకు భయమేసింది. అందరికీ వినబడుతోంది, అందరికీ తెలుసు, ఒక్కరి నోరూ లేవడం లేదు. బావకు వినబడలేదా అంటారా? వినబడే ఉంటుంది. ఆయన కూడా మాలాగే ఇరుక్కున్నాడు. దిగి చూస్తే పొద్దున చేసిన పని సరిగా లేదని ఒప్పుకున్నట్టే కదా.

ముందు చెరువు కట్ట కనబడింది. రోడ్డు దాని మీదుగానే పోతుంది. ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు లోతైన పల్లం. అప్పుడు మా అవ్వ గొంతు సవరించుకుంది.

"కొడుకా, జర బండి ఆపు. పాపం చేసినం."

బావ ఆపాడు. ఏమైందో అని అందరం ఆమె వైపు తిరిగాం. అవ్వ తీరిగ్గా, దేవుని దగ్గరికి పోయే బండి చక్రాలకు బొట్టు పెట్టడం మరిచిపోయామని చెప్పింది. చక్రాలకంటే చక్రాలకు కాదట, చక్రం మీదున్న ఒక్కొక్క నట్టుకు పెట్టాలట. అది కూడా ఇంటి అల్లుడు తన చేత్తో పెడితేనే చెల్లుతుందట. అమ్మ నోరు తెరిచి అవ్వనే చూసింది. మా ఇంట్లో అలాంటి ఆచారం ఉన్నట్టు ఆమె ఏనాడూ వినలేదు. నేనూ వినలేదు. ఆ తర్వాత ఎక్కడా వినలేదు.

ఇంటి అల్లుడన్న మాటకు బావ కాస్త పొంగాడు. దిగాడు. అవ్వ తన సంచిలోంచి కుంకుమ బరిణె తీసి నా చేతికిచ్చి, పెట్టె పక్కకు జరిపి నన్ను బావ వెంట పంపింది. ముందు చక్రాలతోనే మొదలుపెట్టించింది. "గట్టిగ ఒత్తి పెట్టు కొడుకా, దుమ్ముల బొట్టు నిలవది" అని లోపలినుంచే చెబుతోంది. బావ కుంకుమను చెంబు నీళ్లతో తడిపి, నట్టు నట్టుకూ వేలితో ఒత్తి పెట్టాడు. ముందువి రెండూ అయ్యాయి. మూడోది కూడా అయింది. ఆఖరికి పొద్దున మార్చిన చక్రం ముందు కూర్చున్నాడు.

ఒత్తిన వేలితోపాటు నట్టు తిరిగింది.

బావ వేలు అక్కడే ఆగిపోయింది. పక్క నట్టు ముట్టాడు, అదీ తిరిగింది. ఇంకొకటి ముట్టుకుంటే ఊడి అరచేతిలో పడింది. తల ఎత్తి చెరువు కట్ట వైపు చూశాడు. తర్వాత జీపు లోపల కూర్చున్న అక్క వైపు చూశాడు. బాపు అప్పటికే దిగి, మాకు వీపు పెట్టి, చేనువైపు చూస్తూ బీడీ ముట్టించాడు. కావాలనే అటు తిరిగాడని నాకు తెలుసు.

బావ లేచి పానా తెచ్చాడు. ఒక నట్టు బిగించి, దానికి ఎదురుగా ఉన్నది బిగించి, మళ్లీ అలాగే తిరిగొచ్చి, పానా మీద కాలు పెట్టి ఒంటి బరువంతా వేశాడు. అవ్వ అప్పుడు ఆయనకు ఒక దారి చూపింది. "బాటనే గిట్లున్నది కొడుకా. గీ గుంతలకు ఎవ్వలి బండైనా వదులైతది."

ఆ మాట పట్టుకుని ఊరుకుంటే సరిపోయేది. కానీ బావ పానా కింద పెట్టాడు. "బాట కాదవ్వా. జాకీ దించినంక గట్టిగ బిగించాలె. నేనే మర్చిన" అన్నాడు. బాపు నోట్లోంచి బీడీ తీసేశాడు. లోపల అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపు భయంతో వచ్చింది కాదు.

కట్ట దాటి కొంతదూరం పోయాక, ఎవరూ అడగకుండానే బావ మళ్లీ బండి ఆపాడు. కొత్తగా వేసిన చక్రం కొంత నడిచాక ఇంకోసారి చూడాలని చెప్పి పానా తీసుకున్నాడు. ఈసారి అక్క కూడా దిగింది. బావ పానాతో బిగిస్తుంటే, ఆయన వెనకే ఒక్కొక్క నట్టును తన వేలితో తిప్పి చూసింది. "ఇది కూడ చూడు" అని ఆయనే చూపించాడు. బాపు మాత్రం ఊరుకోలేక, "టైమెంత అయింది అల్లుడా" అని అడిగాడు. అమ్మ గుండె ఆగినంత పనైంది. బావ గడియారం చూసుకుని, "నాది జర ఎనకుంటది మామా" అన్నాడు.

తిరిగొచ్చాక నేను అవ్వను అడిగాను, దిగి చూడమని నేరుగా ఎందుకు చెప్పలేదని. "నేను చెప్తే ఇంటడో ఇనడో. వాని వేలు చెప్తే ఇనక సస్తడా" అంది. మరి బావ బొట్టు పెట్టనని అనుంటే అని అడిగాను. అవ్వ ఆకులో సున్నం రాస్తూ, తల కూడా ఎత్తకుండా జవాబిచ్చింది. "అప్పుడు రోడ్డుకు అడ్డం కూసుందును. మీ అక్క మన ఇంట్లనే ఉన్నా సరే, పానంతోనన్న ఉంటది."

బొట్టు మాట అందరికీ నవ్వుకుంటూ చెబుతాను గానీ, నేను మోసుకు తిరిగేది ఆ రెండో మాట. అవ్వ బావ మనసు నొప్పించకుండా చూసింది నిజమే, కానీ ఆయన అలకకు భయపడి ఆ కట్ట ఎక్కనిచ్చేది మాత్రం కాదు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరు దూరం బయలుదేరినా నేను కుంకుమ బరిణెతో చక్రాల దగ్గర కూర్చుంటాను. మనవలు నవ్వుతారు, తొందర పెడతారు, టైము చూసుకుంటారు. చూసుకోనీ. ఆఖరి నట్టు నా వేలికింద కదలకుండా నిలబడేదాకా నేను లేవను.