ఫార్మాట్ చెయ్యనన్న రోజు

మొన్న మా అమలాపురం మెకానిక్కుల వాట్సాప్ గ్రూపులో, కొత్తగా షాపు పెట్టినాయన ఒకరు ఓ సలహా రాశారు. పెన్‌డ్రైవ్‌లో విండోస్ పెట్టుకుని తిరిగే రోజులు పోయాయట, అంతా క్లౌడ్‌లోనే ఉంటుంది కాబట్టి చెడిపోతే రీసెట్ కొట్టెయ్యడమేనట, ఇంకా ఆ పాత సామాను మోసేవాళ్ళని మ్యూజియంలో కూర్చోబెట్టాలట. కింద ఓ ఇరవై మంది నవ్వు బొమ్మలు పెట్టారు. నేను పెట్టలేదు. జవాబు రాయబోయాను గానీ అది నాలుగు లైన్లలో తేలేది కాదనిపించి ఇక్కడ రాస్తున్నాను. ర్యామ్‌ని పెన్సిలు రబ్బరుతో తుడిచి మళ్ళీ గుచ్చి, తెర వెలిగేదాకా ఊపిరి బిగబట్టిన తరం మీదైతే, నేనెందుకు నవ్వలేదో మీకు తెలుస్తుంది.

పాలిటెక్నిక్‌లో డిప్లొమా అయ్యాక నేను చేరింది మా మేనమామ షాపులోనే. కింద కొబ్బరికాయల కొట్టు, పైన మేము. మెట్లెక్కుతుంటే పీచు వాసన. మావయ్య కంప్యూటర్లు చదువుకున్నవారు కాదు, చేత్తో నేర్చుకున్నవారు, ఆ చేతికి మంచి పేరుండేది. రాజోలు నుంచీ, కొత్తపేట నుంచీ కంప్యూటర్లను దుప్పట్లలో చుట్టి ఆటోల్లో తెచ్చేవారు. ఆ పేరంతా ఒక్క అలవాటు మీద నిలబడింది: పొద్దున్న వచ్చిన సిస్టమ్ సాయంత్రం బస్సుకి తిరిగి వెళ్ళిపోవాలి. అందుకు మావయ్యకి తెలిసిన దారి ఒక్కటే, ఫార్మాట్. వైరస్ పట్టినా, నెమ్మదించినా, ప్రింటరు పలక్కపోయినా, సి డ్రైవ్ తుడిచేసి విండోస్ కొత్తగా ఎక్కించెయ్యడమే. డి డ్రైవ్ జోలికి వెళ్ళం కనుక జనం దాచుకున్నవి భద్రం అని ఆయన నమ్మకం. దాచుకునేవి డి లోనే పెట్టుకోండని అందరికీ చెప్పేవారు కూడా. జనమేమో తెరవగానే కనబడేలా డెస్క్‌టాప్ మీద పెట్టుకునేవారు, అది సి లో భాగమని వాళ్ళకెలా తెలుస్తుంది?

తుడిచే ముందు అడగడం కూడా ఒక ఆచారమే మాకు. సి డ్రైవ్‌లో ముఖ్యమైనవేం లేవు కదండీ అని అడిగేవాళ్ళం. మనవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు కదా, పని తెలిసినవాడు అడిగితే అర్థమైనా కాకపోయినా అవునండీ అన్నట్టు ఆయ్ అనేస్తారు, ఎదురు ప్రశ్న వేస్తే నమ్మనట్టుంటుందని మొహమాటం. ఆ ఆయ్‌ని మేము సంతకంతో సమానంగా చూసేవాళ్ళం.

నేను చేరిన రెండో నెలలో మా బావగారి స్నేహితుడొకాయన, కాట్రేనికోన వైపు రొయ్యల చెరువులు చేసేవారు, సిస్టమ్ ఇచ్చి వెళ్ళారు. ఫోన్ చేసి అడిగితే ఆయ్ అన్నారు. నా చేత్తోనే తుడిచాను. నాలుగు పంటల పాటు ప్రతి చెరువుకీ పొద్దునా సాయంత్రం నీటి ఉప్పదనం, మేత, వాతావరణం గళ్ళు గీసి రాసుకున్న ఫైలు డెస్క్‌టాప్ మీద ఉండేదట. ఆయన తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణేమో. పర్లేదండి, మళ్ళీ రాసుకుంటాను లెండి అని, మావయ్యకి దణ్ణం పెట్టి మరీ వెళ్ళారు. చిన్నప్పటి నుంచీ ప్రతిదీ వరసపెట్టి రాసుకునే అలవాటున్నవాణ్ణి నేను. ఇంకొకడి వరసలన్నీ నా చేత్తో చెరిపేశానన్న మాట చాలాకాలం నన్ను వదల్లేదు.

అప్పటినుంచే వెతుకులాట మొదలుపెట్టాను. చెడిపోయిన కంప్యూటర్లోని విండోస్‌ని లేపకుండా, పెన్‌డ్రైవ్‌లో మనం తెచ్చుకున్న విండోస్‌తో దాన్ని నడిపించి, లోపలి డిస్కు తెరిచి, ఉన్నవన్నీ బయటికి తీసుకోవాలి. అలాంటివి అప్పటికే చాలా ఉన్నాయి, ఏది మంచిదన్నదే ప్రశ్న. నోటుపుస్తకంలో షరతులు రాసుకున్నాను. తక్కువ ర్యామున్న పాత సిస్టమ్ మీద కూడా లేవాలి. కొత్త రకం డిస్కుల్ని గుర్తుపట్టాలి. తెలుగులో పెట్టిన ఫైళ్ళ పేర్లు పెట్టెల్లా కాకుండా అక్షరాల్లా చూపించాలి. నాలుగోదాన్ని ఎర్రసిరాతో రాశాను: మనం చెప్పకుండా కస్టమరు డిస్కు మీద ఒక్క అక్షరం కూడా రాయకూడదు.

మెకానిక్కులందరి చేతుల్లో తిరిగే ఎక్స్‌పీ రకం సీడీ ఒకటి ఉండేది, గుర్తుందా, రెండొందల పనిముట్లతో. పాత సిస్టమ్‌ల మీద గుర్రంలా పరిగెత్తేది, కొత్త లాప్‌టాప్ కనబడితే నీలం తెర వేసి ఆగిపోయేది. రెండోది ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టిన సోకుల విండోస్, కొండలూ జలపాతాలూ ఉన్న వాల్‌పేపరుతో లేచేది. దాన్ని మా పాత డిస్కు మీద పరీక్షించి చూస్తే, తనకి జ్ఞాపకశక్తి చాలనప్పుడల్లా చెప్పాపెట్టకుండా డిస్కు మీదే ఓ పెద్ద ఫైలు రాసుకుంటోంది. పోయినవి వెతికే చోట చెత్త పోసే దాన్ని ఏం చేసుకోను? లినక్స్ వాడొచ్చు కదా అని మీలో కొందరు అడుగుతారు, ఫైళ్ళు తీసుకోడానికి నేనూ వాడాను, కానీ విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీకి జబ్బు చేస్తే విండోస్ చేతులే కావాల్సొచ్చేవి. చివరికి విండోస్ కంపెనీ వాళ్ళే ఉచితంగా ఇచ్చే కిట్‌తో సొంతంగా కట్టుకున్నాను. నల్ల తెర, ఫైళ్ళు కాపీ చేసే ప్రోగ్రాము ఒకటి, డిస్కు డ్రైవర్లు, ఓ తెలుగు ఫాంటు, అంతే. దాన్ని చూసినప్పుడల్లా మావయ్య కిందికి వినబడేలా, డిప్లొమా గారు పూజ మొదలెట్టేరండోయ్ అనేవారు.

అలాంటి రోజుల్లోనే, మా అమ్మకి చిన్నప్పుడు పాఠాలు చెప్పిన మాస్టారు రాజోలు అవతల గోదావరి మధ్యనున్న లంక నుంచి సిస్టమ్ తెచ్చారు. విండోస్ లేవడం లేదు. మావయ్య కింద ఎవరితోనో మాట్లాడుతుంటే, మాస్టారు నాతో కబుర్లలో పడ్డారు. ఓ ఏడాది గోదావరి వరద వాళ్ళ ఊరి పాస్టరుగారింట్లోకి వచ్చి, బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ పేర్లు రాసే పుస్తకాలన్నీ బీరువాలోనే నానిపోయాయట. ఈయన వాటిని డాబా మీద కాగితం కాగితం విడదీసి ఆరబెట్టి, చేత్తో పట్టుకుంటే పొడైపోతున్నా రెండేళ్ళు కూర్చుని టైపు చేశారు. టైపు చెయ్యడం అయ్యేసరికి పుస్తకాలు పుస్తకాలుగా మిగల్లేదు.

"మా తాతల పేర్లకి మొట్టమొదట సిరా తగిలింది ఆ పుస్తకంలోనేనండి బాబూ," అన్నారు. "అంతకుముందు ఫలానావారి పాలేరు, అంతే. పేరు పెట్టి ఎవరు రాసేరు మమ్మల్ని?"

ఆ ఫైలు ఎక్కడుంటుందండీ అని అడిగాను. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, తెరవగానే ఎదురుగానే ఉంటుందన్నారు. అంటే డెస్క్‌టాప్ మీదే, సి లోనే. అప్పుడే మావయ్య పైకి వచ్చి, సి డ్రైవ్‌లో ముఖ్యమైనవేం లేవు కదండీ మాస్టారూ అని అడగనే అడిగారు. మాస్టారు ఎంతో మర్యాదగా ఆయ్ అని, నాలుగు గంటల బస్సుకి వస్తానని చెప్పి, ఊళ్ళో చెల్లెలి గారింటికి భోజనానికి వెళ్ళిపోయారు.

మావయ్య విండోస్ సీడీ చేతిలోకి తీసుకున్నారు. నేను లేచి సిస్టమ్‌కి అడ్డంగా నిలబడ్డాను.

"ఇది ఫార్మాట్ చెయ్యను మావయ్యా. మిమ్మల్నీ చెయ్యనివ్వను."

"మాస్టారే ఆయ్ అన్నారు కదరా. ఆయనకంటే నీకెక్కువ తెలుసా?"

"ఆయన సిస్టమ్‌లో ఏముందో నాకు తెలుసు. సి అంటే ఏంటో ఆయనకి తెలీదు."

ఆయన మాటకి నేను ఎదురు చెప్పడం అదే మొదలు. మావయ్య, నేను భోంచేసి వచ్చేలోగా తేల్చు, తేలకపోతే లేచి పక్కన నిలబడు అన్నారు. ఆయన కోపాన్ని కూడా నేను తప్పు పట్టను. చెప్పిన బస్సుకి సిస్టమ్ చేతికివ్వడమే ఆయన పరువు.

నా నల్ల తెర విండోస్ లేచింది. డిస్కు కనబడింది. డెస్క్‌టాప్ ఫోల్డరు మొత్తం, దాంతోపాటు ఆయన పేరు మీదున్నవన్నీ షాపు సిస్టమ్‌లోకి కాపీ చేశాను. మావయ్య చెయ్యి తుడుచుకుంటూ మెట్లెక్కుతుండగా గర్వంగా ఆ ఫైలు తెరిచాను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, మధ్యమధ్య కొక్కేలు, చుక్కలు. ఒక్క ముక్క తెలుగు లేదు.

"ఇదేనా నువ్వు బతికించింది?" అన్నారు మావయ్య. సీడీ మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

ఆ కొక్కేలు చూశాక బుర్ర పనిచేసింది. మాస్టారు టైపు చేసింది ప్రెస్సువాళ్ళు వాడే పాత రకం తెలుగు ఫాంటులో. ఆ ఫాంటు లేని చోట అదంతా పిచ్చి గీతల్లాగే కనబడుతుంది. ఆ ఫాంటు ఉండేది ఆ చెడిపోయిన విండోస్ ఫోల్డర్లోనే, అంటే మేము రోజూ తుడిచేసే సి లోనే. మళ్ళీ పెన్‌డ్రైవ్ మీంచి లేపి, ఫాంట్ల ఫోల్డరంతా తెచ్చి షాపు సిస్టమ్‌లో వేసి ఫైలు తెరిచాను. గీతలన్నీ పేర్లయ్యాయి.

నాలుగింటికి మాస్టారు వచ్చేసరికి జరిగింది చెప్పాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, పైకి పోనివ్వండి, ఇంకా పైకి అంటూ, ఒకచోట ఆపమన్నారు. తెర మీద వేలు పెట్టి ఒక వరస చదివారు: పేరు, తండ్రి పేరు, ఊరు, వృత్తి దగ్గర పాలేరు అని. మా తాతండి, అన్నారు మావయ్యకేసి తిరిగి, మనిషిని పరిచయం చేసినట్టు. మావయ్య చేతిలో సీడీ బల్ల మీద పెట్టేసి, నమస్కారమండి అన్నారు. ఆ నమస్కారం ఎవరికో నేను అడగలేదు.

విండోస్ కొత్తగా ఎక్కించి, ఆ ఫైలూ ఫాంటూ తిరిగి అందులో పెట్టాకే మాస్టారికి సిస్టమ్ ఇచ్చి పంపాం. తప్పయిందని మావయ్య అనలేదు, అనే మనిషీ కాదు. మర్నాటి నుంచి మాత్రం ఫోన్‌లో ఆ పాత ప్రశ్న మానేసి, తెరవగానే మీకు ఎదురుగా ఏమేం కనబడతాయో వరసగా చెప్పండి అని అడగడం మొదలుపెట్టారు. నేను నోటుపుస్తకంలో ఐదో షరతు రాసుకున్నాను, ఫాంట్లు కూడా తేవాలని.

ఇప్పుడు ఆ షాపు నేనే చూసుకుంటున్నాను. కొత్త లాప్‌టాప్‌ల డిస్కులు చాలావరకు ఫ్యాక్టరీ నుంచే తాళం వేసుకుని వస్తున్నాయి, రహస్య అంకెలు కొట్టందే లోపలివి ఎవరూ చదవలేరు. నా పెన్‌డ్రైవ్ విండోస్ అర నిమిషంలో లేచి ఆ తాళం దగ్గర ఆగిపోతుంది. ఆ అంకెల తాళంచెవి, కొన్న రోజున షోరూమువాళ్ళు తెరిచిచ్చిన మెయిల్‌లో ఎక్కడో ఉంటుంది, దాని పాస్‌వర్డు సొంతదారుకే గుర్తుండదు. అంతకంటే నన్ను బాధపెట్టేది, పోతే పోనీండి, రీసెట్ కొట్టెయ్యండి అని జనమే చెప్పడం. అప్పట్లో పోగొట్టుకున్నవాళ్ళు తెలియక పోగొట్టుకున్నారు. ఇప్పుడు తెలిసి కూడా పోనిస్తున్నారు.

గ్రూపులో నవ్వినవాళ్ళు నవ్వనీండి. ఎవరు సిస్టమ్ తెచ్చినా, ఎంత తొందరపెట్టినా, రేపు రండి అని పంపేసి ఆ ఒక్కరోజూ తాళంచెవి కోసం వెతుకుతాను. దొరకని రోజులే ఎక్కువవుతున్నాయి, దాచను. దొరకనప్పుడు తుడిచేది కూడా నేనే. కానీ వెతక్కుండా మాత్రం తుడవను.