ఎర్ర బాణాలు

బట్టల ఫ్యాక్టరీలో అందరూ ఆమెను చెకరక్క అంటారు. కుట్టు తప్పినచోట, గుండీ వదులైనచోట చిన్న ఎర్ర బాణం స్టిక్కరు అంటించే చెకర్ పని ఆమెది. బాణం పడితే విప్పి మళ్ళీ కుట్టాల్సిందే. వెయ్యి చొక్కాల్లో ఒక్క తప్పునీ దాటిపోనివ్వని ఆ కళ్ళు ఇంట్లో మాత్రం పెళ్ళైన పదకొండేళ్ళుగా మూసుకునే ఉన్నాయి.

ఒకరోజు టేబుల్ దగ్గర నిలబడే గంటసేపు ఏడ్చింది. ఫ్యాక్టరీకి బుధవారాల్లో వచ్చే కౌన్సెలరమ్మ దగ్గరికి పంపించారు. ఆవిడ ఊపిరి గట్టిగా పీల్చమంది, సాయంత్రాలు కాసేపు మీకోసం నడవండి అంది. ఖాళీ సాయంత్రాలు ఏ ఇంట్లో పడుంటాయో ఆవిడకే తెలియాలి! అయినా ఆ గదిలో "ఏమే" అని పిలిచేవాళ్ళు లేరు. ఆ అరగంట కోసమే చెకరక్క వారమంతా ఎదురుచూసేది.

మూడోవారం కౌన్సెలరమ్మ, "కోపం ఎక్కడెక్కడ వస్తోందో గుర్తు పెట్టుకోండి," అంది. మనసులో పెట్టుకోమని ఆవిడ ఉద్దేశం.

గుర్తులు పెట్టడం చెకరక్కకు ఒకరు నేర్పాలా? స్టిక్కర్ల చుట్ట ఒకటి ఇంటికి పట్టుకెళ్ళింది. తిన్నచోటే వదిలేసిన కంచానికి ఒకటి. పక్కమీద పారేసిన తడి తువ్వాలుకి ఒకటి. "నీ ఉద్యోగం వల్లే పిల్ల చిక్కిపోయింది" అని మూడు పూటలా దెప్పే అత్తగారి కుర్చీకి రెండు. శనివారానికి ఇల్లంతా ఎర్రబడింది.

మొగుడుగారు ఆఫీసులో నోరెత్తడు, ఇంట్లో నోరు మూయడు. "దీనికి పిచ్చి ముదిరిందమ్మా. బుధవారం నేనే వెళ్ళి ఆ కౌన్సెలరమ్మ దగ్గర దీని పేరు కొట్టించేస్తా," అని తల్లితో అన్నాడు. "మా రోజుల్లో ఇలాంటి జబ్బులు ఎరగం నాయనా," అందావిడ. ఆ రోజుల్లో తానేం దిగమింగిందో ఆవిడకిప్పుడు గుర్తులేదు కాబోలు.

అన్నట్టే బుధవారం కౌన్సెలరమ్మ గదికి వచ్చాడు, పెళ్ళాం ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని మరీ.

"మా ఇంట్లో ఏ లోటూ లేదండీ. తప్పెక్కడుందో చూపించమనండి చూద్దాం! వచ్చేవారం నుంచి ఇది ఇక్కడికి రాదు," అని తేల్చేసి తలుపు వైపు తిరిగాడు.

వీపు నడిమధ్యన ఎర్ర బాణం.

కౌన్సెలరమ్మ నవ్వాపుకుంటూ, "భలే పెట్టారమ్మా," అంది.

చెకరక్క నవ్వలేదు. బాణం వంకరగా ఉంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె ఒక్కటి కూడా వంకరగా పెట్టలేదు. పొద్దున ఎనిమిదేళ్ళ కూతురు "నాన్నా" అంటూ వీపుకి వేలాడడం గుర్తొచ్చింది. తాను ఇన్నేళ్ళూ చూడనట్టు నటించినదంతా పిల్ల చూస్తూనే ఉందన్నమాట. ఆమెకు సిగ్గేసింది. ఆ వెంటే ఒళ్ళు మండింది.

"అది నేను పెట్టింది కాదండీ, మా అమ్మాయి పెట్టింది," అంది.

మొగుడు వీపు తడుముకుంటున్నాడు. చెయ్యి అందడం లేదు. ఆమె అతని వైపు చూడకుండా కుర్చీ ముందుకి లాక్కుంది.

"నా పేరు కొట్టేయకండి మేడమ్. కింద దాని పేరు కూడా రాసుకోండి."