ముందు వరుస ఆమెన్

మా ఇంట్లో ఎవరైనా కూర బాగుందంటే అమ్మ ముందు వాళ్ళ ముఖం చూస్తుంది. తర్వాత గరిటెతో కొంచెం అరచేతిలో వేసుకొని తానే రుచి చూసుకుంటుంది. మనుషుల మాట నమ్మదు. ఎందుకు నమ్మదో చెప్పాలంటే మా నాయిన నడిపిన ప్రార్థన సంఘం సంగతి చెప్పాలి, దాన్ని వట్టి నాలుకతో కూల్చిన మనిషి సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళయినా వాడి మీద నా కోపం చల్లారలేదు. క్షమించాలని నాకూ తెలుసు. రాత్రి ప్రార్థనలో క్షమిస్తాను, పొద్దున లేచేసరికి కడుపులో మంట మళ్ళీ అక్కడే ఉంటుంది.

నాయిన జీడిమెట్లలో ఒక కంపెనీలో ఫిట్టర్‌గా చేసేవాడు. ఆదివారం మాత్రం అత్వెల్లి దారిలో ఒక రేకుల షెడ్డులో వాక్యం చెప్పేవాడు. బైబిలు కాలేజీ గడప తొక్కినవాడు కాదు. వచ్చేవాళ్ళూ మాలాంటివాళ్ళే. కూలీకి పోయేవాళ్ళు, మేడ్చల్ ద్రాక్షతోటల్లో పనిచేసే ఆడవాళ్ళు. అమ్మ కూడా తోట పనికే పోయేది. మగవాళ్ళు ఒకవైపు, నెత్తిన కొంగు కప్పుకొని ఆడవాళ్ళు ఇంకోవైపు చాపల మీద కూర్చునేవాళ్ళు. చాలామంది ఇళ్ళలో తల్లిదండ్రులు, అన్నదమ్ములు హిందువులే. వీళ్ళొక్కరే ప్రార్థనకు వచ్చేవాళ్ళు. ఎవరి ఇంట్లో ఏ తంటా ఉందో నాయినకు తెలుసు, అందుకే ఎవరినీ గట్టిగా ఒక మాట అనేవాడు కాదు.

వాక్యం మధ్యలో కంపెనీ ముచ్చట్లు చెప్పేవాడు. "బేరింగుకు గ్రీజు తక్కువైతే అరుస్తది. అరిస్తే మనకు తెలుస్తది, బాగుచేసుకుంటం. ఎక్కువైతే సప్పుడే చెయ్యదు. లోపల్లోపల వేడెక్కి ఒక్కపాలే పోతది. అందుకే బిడ్డా, అంత మంచిగున్నప్పుడే భయపడాలె," అనేవాడు. నాకు బాగా గుర్తున్న ప్రసంగం అదే.

మా ఇంట్లో అసలు వాక్యపరీక్ష అన్నం దగ్గర జరిగేది. నాయిన కాళ్ళు కడుక్కొని కంచం ముందు కూర్చొని "ఎట్లుండెనే?" అని అడిగేవాడు. అమ్మ మొహమాటపడేది కాదు.

"ఏముండె? చెప్పిందే తిప్పితిప్పి చెప్పినవు. ముసలోళ్ళు కునుకు తీసిండ్రు."

ఇంకో వారం, "ఇయ్యాల కంపెనీల ఎవనితోనో కొట్లాడి వచ్చినట్టున్నవు. ఆ కోపమంత మా మీద పోసినవు."

నాయిన నవ్వేవాడు. వచ్చే ఆదివారానికి దిద్దుకునేవాడు. 'బాగుంది' అన్న మాట అమ్మ నోట ఎప్పుడూ రాలేదు. షెడ్డులో గట్టిగా ఆమెన్ అనడం కూడా ఆమెకు అలవాటు లేదు. "ఒక్కసారన్న గట్టిగ ఆమెన్ అనరాదే," అని నాయిన ఆటపట్టిస్తే, "నా ఆమెన్ ప్రభువుకు చెప్పుకుంట. నడుమ నీకెందుకు?" అనేది.

తుర్కపల్లి వైపు మందుల ల్యాబులు కొత్తగా లేస్తున్న రోజుల్లో వచ్చాడు ఆ మనిషి. అక్కడ ఏదో ఆఫీసరు. మేడ్చల్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, సెంటు వాసన, పుస్తకం చదివినట్టుండే మాట. చాప మీద కూర్చోబోతుంటే నాయినే ఆగమాగమై కుర్చీ తెప్పించి ముందు వేయించాడు. నాయిన ఒక వాక్యం ముగించాడో లేదో, "ఆమెన్!" అన్నాడు ఆ మనిషి. రేకులు అదిరినంత పనయింది. నాయిన ఉలిక్కిపడి చెప్పేది మరిచిపోయాడు. మేమంతా కొంగులడ్డం పెట్టుకొని నవ్వాం. కొన్ని వారాలకు ఎవరికీ నవ్వు రాలేదు, అలవాటైపోయింది.

ఒక ఆదివారం నాయిన ఆయనను భోజనానికి పిలిచాడు. అమ్మ నాటుకోడి పులుసు వండింది. పొయ్యి మీద ఉండగా అమ్మ ఉప్పేసింది. వేయలేదేమోనని నేనూ వేశాను. ముద్ద నోట్లో పెట్టుకుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. నాయిన గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగుతున్నాడు. ఆ మనిషి మాత్రం మారు వడ్డించుకొని, "అమ్మగారూ, ఇలాంటి కూర నా జన్మలో తినలేదు. మీ చేతిలో దేవుడు అమృతం పెట్టాడు," అన్నాడు. జన్మలో తినలేదన్నది నిజమే, అంత ఉప్పు ఎవడు తింటాడు! షెడ్డులో నేను పాడిన పాటను కూడా ఆ పూటే పరలోకానికి ఎక్కించాడు.

ఆయన పోయాక అమ్మ గిన్నె నాయిన ముందు ఠపీమని పెట్టింది. "గీ ఉప్పుకషాయం బాగుందన్నోడు రేపు నీ వాక్యం బాగుందనడా? నిన్ను మునగచెట్టు ఎక్కిస్తుండు. జర పైలం."

"మర్యాదకన్నడే. నీకన్నీ అనుమానాలే," అన్నాడు నాయిన.

"మర్యాదకైతే ఊకుంటడు. మారేసుకొని తినడు."

నాయిన వినలేదు. ఆమెన్ రుచి మరిగింది. ఎక్కడ ఆగితే అది వస్తుందో తెలిసి అక్కడే ఆగేవాడు. రాకపోతే అదే మాట గొంతు పెంచి మళ్ళీ అనేవాడు. బేరింగుల ముచ్చట్లకు కుర్చీలోంచి ఆమెన్ రాదు కాబట్టి అవి మెల్లగా మాయమయ్యాయి. వాటి బదులు ఉరుములు, మెరుపులు, నరకాగ్ని వచ్చాయి. "మీలాంటి దైవజనులు పానా పట్టుకొని నట్లు బిగించడమేమిటి అయ్యగారూ? పరలోకం దుఃఖపడుతోంది," అన్నాడు ఆ మనిషి ఒకరోజు మా అరుగు మీద కూర్చొని. నెల తిరక్కుండానే నాయిన కంపెనీ మానేశాడు.

అమ్మ ఊరుకుంటుందా? "ఇల్లెట్ల ఎల్తది? వాడేమన్న నీ దేవుడా?" అని నిలదీసింది.

అప్పుడు నాయిన అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది. "అభిషేకం ఉన్నోళ్ళ మీద నోరు జేసుకోవద్దు. నీ నోరే నా పరిచర్యకు అడ్డమైతాంది. ఇగ నా వాక్యం గురించి నువ్వేం మాట్లాడకు."

అది నాయిన మాట కాదు. గొంతు నాయినది, మాట ఆ కుర్చీది. అమ్మ కంచంలో అన్నం పెట్టి లోపలికి పోయింది. ఆ తర్వాత ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో చప్పుడు లేకుండా గడిచేవి.

తర్వాత గద్దింపులు మొదలయ్యాయి. "గొర్రెలు దారి తప్పుతున్నాయి అయ్యగారూ, గద్దించండి," అనేవాడు వాడు. ఎవరు కల్లు తాగారో, ఎవరు ఏ ఇంట్లో తిన్నారో చెవిలో ఊదేవాడు. బోనాల పండక్కి ఒక అవ్వ కూతురింటికి పోయి అన్నం తిన్నది. కూతురు హిందువుల ఇంటి కోడలు. పిలిస్తే పోకుండా ఎట్లుంటుంది? పాత నాయిన అయితే ఆ అవ్వ మనసు తెలుసుకొని ఊరుకునేవాడు. ఇప్పుడు అందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు. అవ్వ నోట్లో కొంగు కుక్కుకొని ఏడుస్తుంటే ముందు వరుసలోంచి "ఆమెన్! ఆమెన్!" అని మోగింది. పక్కన కూర్చున్న అమ్మ అవ్వ వీపు మీద చెయ్యి వేసింది.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం ముందు కుర్చీ ఖాళీ. సగం చాపలూ ఖాళీ. వచ్చే వారానికి ఇంకా పలచబడ్డాయి. ఏమైందో నాయినకు అర్థం కాలేదు. చివరికి ఆ బోనాల అవ్వే కర్ర పొడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది.

"అయ్యా, నువ్వు నన్ను తిట్టిన నాడు సాయంత్రమే ఆయన మా ఇంటికొచ్చిండు. అయ్యగారికి గర్వమొచ్చింది అవ్వా, మీ కోసం నేను ఏడుస్తున్న అన్నడు. అందరి ఇండ్లకు గట్లనే పోయిండు. ఇప్పుడు అందర్ని గుంజుకపోయి శామీర్‌పేటల సొంత సంఘం పెట్టుకున్నడు. నాకు మనసొప్పక నేను పోలె."

"నాకు ఆమెన్ జెప్పినోడు గట్లెందుకంటడు అవ్వా?" అన్నాడు నాయిన, చిన్నపిల్లవాడిలా.

కళ్ళతో చూస్తే గానీ నమ్మనన్నాడు. ఆ ఆదివారం నన్ను బండెక్కించుకొని శామీర్‌పేట పోయాడు. ఒక ఫంక్షన్ హాలు. బయట మా చాపల మీది మనుషుల చెప్పులు. లోపల మైకులో వాడి గొంతు.

"బేరింగుకు గ్రీజు తక్కువైతే అరుస్తుంది, ఎక్కువైతే నిశ్శబ్దంగా కాలిపోతుంది..."

మా నాయిన ప్రసంగం! జన్మలో బేరింగు ముట్టుకోనివాడు, దానికి ఒక్క ఆమెన్ కూడా అననివాడు, మాట పొల్లు పోకుండా ఒప్పజెప్పుతున్నాడు. "గర్వం కూడా అలాంటిదే ప్రియులారా. మన పాత కాపరిని కళ్ళారా చూశాం కదా," అన్నాడు. హాలంతా ఆమెన్ అంది. ఆ గొంతుల్లో ఏది ఎవరిదో మాకు తెలుసు.

"నేను పోయి ఆ మైకు గుంజుత," అన్నాను.

నాయిన నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు బిడ్డ. వాడు గ్రీజు పెట్టిండు. నేను పెట్టిచ్చుకున్న."

ప్రభువును శత్రువులకు అప్పగించిన శిష్యుడు తిట్టి అప్పగించలేదు, ముద్దు పెట్టి అప్పగించాడు. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే, ఆ హాలు గేటు ముందే నాకు అర్థమైంది. గర్వం ఎక్కించినవాడే గర్విష్ఠి అని చాటింపు వేశాడు. థూ, అదేం నాలుక!

కంపెనీ నాయినను మళ్ళీ తీసుకోలేదు. మేడ్చల్‌లో ఒక చిన్న షాపులో మోటార్లు విప్పే పనికి కుదిరాడు. షెడ్డు చేజారింది. చాలా రోజులు ఎవరికీ వాక్యం చెప్పలేదు. ఆ అవ్వా, ఇంకొందరు వచ్చి బతిమాలితే మా ముందు గదిలోనే మళ్ళీ కూడిక పెట్టాడు. ఆ మొదటి ఆదివారం మాట తడబడింది. చెప్పిందే చెప్పాడు. మధ్యలో ఆగి అలవాటు కొద్దీ ముందు వైపు చూశాడు. అక్కడ కుర్చీ లేదు. అవ్వ కునుకు తీసింది.

అందరూ పోయాక నాయిన కాళ్ళు కడుక్కొని కంచం ముందు కూర్చున్నాడు. నాకు అడుగుతాడని తెలుసు. అమ్మ ఇప్పుడు మంచిగా నాలుగు మాటలతో కడగాలని, మా పాత ఆదివారం తిరిగి రావాలని నా ఆశ.

"ఎట్లుండెనే?" అన్నాడు తల ఎత్తకుండా.

"బాగుంది," అంది అమ్మ, అన్నం పెడుతూ.

నాయిన చెయ్యి ఆగిపోయింది. "నిజం జెప్పవే. నీ కాళ్ళు మొక్కుత, ఉన్నది జెప్పు."

"నిజంగనే. మస్తు జెప్పినవు." పులుసు గిన్నె ఆయన ముందుకు జరిపింది. ఆయన ముఖంలోకి సూటిగా చూసి, ఆ ముందు కుర్చీలోంచి వచ్చినట్టే, వీధిలోకి వినపడేంత గట్టిగా అంది: "ఆమెన్."

శామీర్‌పేట హాలు ముందు కూడా ఏడవని నాయిన ఆ అన్నం కంచం ముందు ఏడ్చాడు.